నాలుగు వేళ్ల అడుగు

గోకులాష్టమి వస్తోందంటే బర్మాలోని తాకేటాలో మన తెలుగు ఇళ్లవాళ్లంతా సుధామణికి కబురు పెడతారు. కృష్ణుడి పాదాలు ఆమె వేసినట్టు ఇంకెవరూ వేయలేరు మరి. గుప్పిట బిగించి, చిటికెనవేలి వైపు అంచును బియ్యప్పిండిలో ముంచి గడప ముందు అద్దిందంటే చిన్ని పాదం పడుతుంది. దాని పైన వేలికొసతో అయిదు చుక్కలు, బొటనవేలికి పెద్దది, తక్కినవి వరసగా చిన్నవి. చూస్తుండగానే వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి పసివాడు నడిచి వెళ్లినట్టే ఉంటుంది. బర్మావాళ్లు కూడా వచ్చి ఫోన్లలో ఫొటోలు తీసుకుపోతారు. ఈ విద్యే ఒకనాడు తన కొంప మీదికి తెస్తుందని ఆ పిచ్చిదానికి ఏం తెలుసు?

సుధామణిది నది అవతల దల్లా. గంజాం నుంచి ఏ తాతల కాలంలోనో బియ్యం మిల్లుల్లో పనికి వచ్చిన కుటుంబం. ఇంట్లో నాయనమ్మతో ఒడియా, అమ్మతో తెలుగు, వీధిలోకి వస్తే బర్మా మాట. తాకేటా సూరికి ఇచ్చి పెళ్లిచేశారు. సూరి సేక్కాన్ రేవులో క్రేను నడిపేవాడు. మంచివాడు. మంచివాడు గనకనే కాబోలు, నలభై దాటీ దాటకుండానే ఒకనాడు రేవులోనే ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. పిల్లలు లేరు. దల్లాలో తమ్ముళ్లు ఎవరి సంసారం వాళ్లు చూసుకున్నారు, అక్కని రమ్మని అన్నవాడు లేడు. అలా సుధామణి అత్త అప్పలమ్మ దగ్గరే ఉండిపోయింది.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. చెక్క గోడలు, రేకుల కప్పు, మధ్యన నడవ. నడవకి కుడి పక్క గది సుధామణిది. ఎడమ పక్కది ఆమె మరిది భాస్కర్‌ది. భాస్కర్ పెళ్లి అవుతూనే భార్య భానుప్రియతో ఊళ్లోనే సంచౌంగ్‌కి అద్దెకి వెళ్లిపోయాడు, ఆ గదికి తాళం. అప్పలమ్మ మంచం నడవలోనే. ఇంటి ముందు రేకుల పంచలో సుధామణి పొద్దున్నే పెనం పెట్టి దోసెలు పోసి అమ్ముతుంది. ఇల్లూ అదే, బతుకూ అదే. ఆ పంచ లేకపోతే ఆమెకి ఈ ఊళ్లో నిలబడడానికి చోటు లేదు.

ఇక అప్పలమ్మ. పిడికెడంత మనిషి. నోరు మాత్రం వీధి మొదటిదాకా వినిపించేది. చిన్నప్పుడు తండ్రికి అన్నం పట్టుకుని రేవుకి వెళ్తే మూటల బండి చక్రం కుడికాలు మీదుగా పోయి చిటికెనవేలు ఊడింది. ఆ కాలికి నాలుగే వేళ్లు. ముసలితనంలో మంచాన పడ్డాక ఆ పాదాలు ఎండిపోయి చిన్నపిల్ల పాదాలంత అయిపోయాయి. రోజూ దీపాలవేళకి సుధామణి కర్పూరం కాచిన నువ్వులనూనె గిన్నె పట్టుకుని వాటి దగ్గర కూర్చునేది.

"సేతిలో బలం లేదేటే? గట్టిగా రాయి," అనేది అప్పలమ్మ.

"రాస్తన్నాను కదా అత్తా."

"ఆ ఏలికి రాయలేదు."

"ఏ ఏలు? అక్కడ ఏటీ లేదు కదా."

"లేని ఏలే ఎక్కువ నొప్పెడతాది. దానికీ రాయి."

సుధామణి నవ్వుకునేది. నవ్వుకుంటూనే నాలుగు వేళ్ల పక్కన ఖాళీలో నూనె చెయ్యి ఆడించేది. ముసలామె హమ్మయ్యా అని కళ్లు మూసుకునేది. మొదట్లో అది సరదాగానే ఉండేది. పోనుపోను సుధామణికి ఆ ఖాళీలో ఏదో వేలికి తగిలినట్టు, వెచ్చగా, మెత్తగా అనిపించేది. ఎవరితోనైనా అంటే వెర్రి అంటారని చెప్పలేదు.

ఇంత సేవ చేసినా ఆ నోటి నుంచి ఒక్క మంచి మాట వచ్చిందా అంటే, లేదు. ఎవరైనా వచ్చి, "మీ కోడలు బంగారం అండీ" అంటే, "కోడలు కోడలే, కొడుకు కొడుకే" అని మొహం అటు తిప్పుకునేది. సుధామణి పంచలోంచి వినేది. దోసె తిరగేసే చెయ్యి ఒక్క క్షణం ఆగేది, అంతే.

ఒక ఆదివారం భాస్కర్ భార్యతో వచ్చాడు. ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తా అతను, నెమ్మదస్తుడు. తల్లి మంచం పక్కన కూర్చుని, వకీలుతో మాట్లాడానని, ఇంటి సంగతి వీలునామా రాసేస్తే తర్వాత గొడవ ఉండదని అన్నాడు. దాంతో ముసలామె మంచంలోనే లేచినంత పని చేసింది.

"కాయితమా? మీ నాన్నకీ మీ పెదనాన్నకీ మీ తాత కాయితమే రాసిపోనాడు. ఏటైనాది? ఇద్దరూ కోర్టు మెట్లు అరగదీసినారు. ఒకడి పాడె ఒకడు మొయ్యనేదు. నా ఇంటికి ఆ కాయితం ఒద్దు."

"మరెలాగమ్మా?"

"కన్నారావుని పిలు."

కన్నారావు అమ్మవారి గుడి పెద్ద. వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. అప్పలమ్మ అతని ముందు చెప్పింది చూడండి, అది విన్నవాళ్లెవరికీ ఆ రోజు అన్నం సయించలేదు.

మనవాళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయిన పదో రోజు సాయంత్రం నడవలో సన్నటి బియ్యప్పిండి జల్లెడతో పరిచి, ఇంటికి తాళం వేసి, అందరూ గుడి వసారాకి వెళ్లి పడుకుంటారు. పోయినవాళ్లు ఆ రాత్రి ఆఖరిసారి ఇల్లు చూసుకోవడానికి వస్తారని, పిండిలో పసిపిల్ల అడుగంత గుర్తు వదిలివెళ్తారని నమ్మకం. గుర్తు పడితే తృప్తిగా వెళ్లారని లెక్క. అంతవరకే. దాంతో ఆస్తులు పంచుకున్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

"రెండు గదుల గడపల కాడా పిండి పరవండి," అంది అప్పలమ్మ. "నాను ఒస్తాను. ఏ గడప కాడ అడుగేస్తే ఇల్లు ఆ గదోళ్లది. ఇదే నా మాట. కన్నారావు సాచ్చి."

"ఏటత్తా ఇది, ఆటలాగ..." అన్నాడు కన్నారావు.

"నాను నీతో ఎప్పుడన్నా ఆటలాడినానా?"

భాస్కర్ మాత్రం, "అలాగే అమ్మా, నీ ఇష్టం" అన్నాడు. అతను అనడంలో వింత లేదు. కొడుకు కొడుకే అని ఆమె అంటుండగా పెరిగినవాడు. వెళ్లేటప్పుడు భానుప్రియ పంచలో నిలబడి పెనం వంకా రేకుల వంకా చూసి, "ఇక్కడ బబుల్ టీ కొట్టు పెడితే బాగుంటాది అక్కా" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు సుధామణి చెయ్యి పట్టుకుని, "నువ్వేటీ బెంగెట్టుకోకు. దల్లా ఎల్లినా వారం వారం ఒచ్చి ఎల్దువుగాని" అంది. ప్రేమగానే అంది. అదే సుధామణి గుండెల్లో దిగింది.

వానాకాలం మధ్యలో అప్పలమ్మ పోయింది. ఆ సాయంత్రం సుధామణికి ఒళ్లు వేడిగా ఉంది, నడుం విరిగిపోతోంది. నాలుగు వేళ్లకీ నూనె రాసి గిన్నె పక్కన పెట్టేసింది. ముసలామె కళ్లు తెరిచి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, "ఆ ఏలు మిగిలిపోనాదే" అంది. రేపు రాస్తానులే అత్తా అనుకుంటూ సుధామణి దీపం వెలిగించడానికి లేచింది. వెలిగించి వచ్చేసరికి ప్రాణం లేదు. ఆ ఒక్క మాట సుధామణిని పట్టుకుంది. పెనం ముందు కూర్చున్నా, చాప మీద వాలినా, ఆ వేలు మిగిలిపోయింది, ఆ వేలు మిగిలిపోయింది అని చెవిలో ఎవరో అంటున్నట్టే ఉండేది.

పదో రోజు వచ్చింది. పిండి పరచడం ఇంటి కోడలి పని. భాస్కర్, భానుప్రియ, కన్నారావు వీధిలో గొడుగుల కింద నిలబడ్డారు. లోపల సుధామణి ఒక్కతే. తాళం తీసిన ఎడమ గది గడప దగ్గర జల్లెడ పట్టింది. ఆ తర్వాత కుడి గది గడప దగ్గర. తెల్లగా, నున్నగా, గుడ్డ పరిచినట్టు వచ్చింది. అత్త మంచం ఖాళీగా ఉంది. ఇల్లంతా చూసింది. తను ఊడ్చిన నేల, తను పొగచూరించిన గోడ, సూరి ఫొటో. రేపు పొద్దున్నకి ఇదంతా నాది కాకుండా పోతుందా అనుకుంది. ఎంత ఉక్రోషం వచ్చిందంటే కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. ఇన్నేళ్లు కాళ్లు పట్టినదాన్ని నేను, కొడుకు కొడుకే అట!

అనుకుంటూనే వంగింది. గుప్పిట బిగించింది. తన గడప ముందు, లోపలికి వెళ్తున్నట్టుగా, కుడి పాదం అద్దేసింది. వేలికొసతో టకటకా చుక్కలు పెట్టింది. కళ్లు మూసుకుని వేసినా తప్పు పోని చెయ్యి అది. లేచి, అడుగులు పిండిలో పడకుండా గోడవారగా బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసింది. కన్నారావు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

"బాగా పరిసినావా అమ్మా?"

"పరిసినాను మావా."

గుడి వసారాలో అమ్మవారికి దీపం పెడుతున్నారు. భానుప్రియ కూతురు కాళ్లకి బురద అయితే సుధామణి చెంబుతో కడగడానికి కూర్చుంది. బొటనవేలు, పక్కది, దాని పక్కది, ఇంకొకటి. చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

అయిదు. తను అయిదు చుక్కలు పెట్టింది.

కృష్ణుడికి అయిదు. అప్పలమ్మకి నాలుగు. ఏళ్ల తరబడి పట్టిన పాదం! లోకంలో ఇంకెవరు తప్పు వేసినా తను వేయకూడని పాదం. అలవాటుపడ్డ చెయ్యి కొంప ముంచింది. రేపు తలుపు తీస్తారు. భాస్కర్ చూస్తాడు. అమ్మకి నాలుగే కదా అంటాడు. ఆ పాదాలు ఎవరి చేతివో ఈ వీధిలో తెలియని పసిపిల్ల కూడా లేదు. ఇల్లు పోతే పోయింది, చచ్చినావిడ పేరు చెప్పి దొంగతనం చేసిన మనిషి దోసె ఎవరు తింటారు? దల్లాలోనైనా ఏ మొహం పెట్టుకుని తల దాచుకుంటుంది?

"ఏటక్కా, అలాగైపోనావు?" అంది భానుప్రియ.

"ఏటీ లేదు. సలేస్తంది."

తాళంచెవి అడగడానికి వీల్లేదు. అడిగితే అప్పుడే అయిపోయింది. వాన పడుతూనే ఉంది. వసారా అంచున అందరూ నిద్రపోయారు, ఆమె తప్ప. అమ్మవారి కళ్లు దీపం వెలుగులో తననే చూస్తున్నట్టుంటే చీరకొంగు మొహం మీద కప్పుకుంది. తెల్లవారకుండా ఉంటే బాగుండునని అంతగా కోరుకున్న రాత్రి ఆమె జన్మలో లేదు.

తెల్లవారింది. తెల్లవారదా మరి? కరెంటు లేదు. కన్నారావు తాళం తీశాడు, భాస్కర్ ఫోన్ లైటు పట్టుకుని ముందు లోపలికి అడుగు పెట్టాడు. మూసిన ఇల్లు కదా, ముక్కిన వాసన రావాలి. కర్పూరం కాచిన నూనె వాసన గుప్పుమంది. ఆ నూనె గిన్నె అత్త సామానుతో పాటు కర్మల్లో ఇచ్చేశారు. ఇంట్లో చుక్క నూనె లేదు.

ఎడమ గడప దగ్గర పిండి పరిచినది పరిచినట్టే ఉంది. లైటు కుడివైపు తిరిగింది. అడుగు ఉంది. భాస్కర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎంతసేపు చూశాడో! సుధామణి గోడకి ఆనుకుని, ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు అని కళ్లు మూసుకుంది.

"నాలుగు ఏళ్లు," అన్నాడు భాస్కర్. "సూడు మావా. అమ్మే."

సుధామణి కళ్లు తెరిచింది. నాలుగే. తను పెట్టిన అయిదో చుక్క లేదు. ఎవరైనా చెరిపితే చెరిపిన గుర్తు ఉండాలి కదా. ఏ గుర్తూ లేదు. అక్కడ పిండి ఇప్పుడే జల్లెడ పట్టినంత నున్నగా ఉంది. పిండి మీద ఇంకెవరి అడుగూ లేదు, పిల్లి జాడైనా లేదు.

భాస్కర్ ఆ అడుగు ముందు నుదురు నేలకి ఆనించి ఏడ్చాడు. లేచి వదిన కాళ్లకి దండం పెట్టాడు. "అమ్మ నీకే ఇచ్చినాది వదినా. నాకు కష్టంగానే ఉన్నాది, అబద్ధమెందుకు. కానీ అమ్మ మాట." కన్నారావు నలుగురి ముందూ ఇల్లు సుధామణిదని చెప్పేశాడు. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్లింది. భానుప్రియ బబుల్ టీ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇల్లు దక్కింది. పండగ చేసుకోవాలి కదా? సుధామణికి ఆ రోజు నుంచి సుఖమన్నది లేదు. దీపాలవేళ అయ్యేసరికి నడవలో ఆ నూనె వాసన. మంచం తీసేసిన చోట చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. పిండి ఊడ్చి పజుండౌంగ్ కాలువలో కలిపేశారు, గడప కడిగేశారు. అయినా జోరువానకి రేకులు కారి నేలచెక్క తడిసి నల్లబడినప్పుడల్లా గడప ముందు ఒక్కచోట మాత్రం చెక్క పొడిగా తెల్లగా ఉండిపోయేది. చిన్న పాదమంత. వేళ్లు లెక్కపెట్టే ధైర్యం ఆమెకి లేకపోయింది. చాప తెచ్చి కప్పేసింది. చాప మీద అడుగు వేయకుండా దాటుకుంటూ తిరిగేది.

భయం ఒక ఎత్తు. లోపల తొలిచేది వేరే. అత్త నా గడపకి తనంతట తను వచ్చేదా? ఒక్క మాట మెచ్చుకోని మనిషి, చచ్చాకైనా నా సేవ ఎరిగి ఉందా? అది తెలుసుకునే రోజు ఒకటే వచ్చింది. ఆ రోజున తనే చెయ్యి పెట్టి పాడుచేసుకుంది. ఇల్లు ఇస్తానన్నా ఇవ్వనన్నా ఆ జవాబు ముసలామె దగ్గర్నుంచే వచ్చేది. ఇప్పుడు ఎవరిని అడగాలి? ఈ ఏడుపు ఎవరికీ చెప్పుకోలేక పొద్దున్నే పెనం మీద నీళ్లు చల్లుతూ ఆ ఆవిరిలో కళ్లు తుడుచుకునేది.

అవతల భాస్కర్ బతుకు తలకిందులైంది. ఓడలు రావడం తగ్గి ఆఫీసులో మనుషుల్ని తీసేశారు. సంచౌంగ్ ఇంటివాడు అద్దె పెంచాడు. భార్యనీ పిల్లనీ తీసుకుని ఊరి చివర హ్లైంగ్‌తాయాలో ఒంటిగదికి మారాడు. వానకి లోపల మోకాలి లోతు నీళ్లని భానుప్రియ ఎవరితోనో అంటుంటే విన్నది సుధామణి. భాస్కర్ మాత్రం పండగకి వచ్చినా నడవలోనే కూర్చునేవాడు, తాళం వేసిన ఎడమ గది వంక చూసేవాడు కాదు. ఒక్కసారైనా వదినా, ఆ గదిలో ఉండనీ అని అడగలేదు. తల్లి మాట మీద అంత గౌరవం. అతను అడిగితే బాగుండునని, తిట్టినా బాగుండునని సుధామణికి అనిపించేది. తనంతట తను రమ్మని అంటే ఎందుకు అని అడుగుతాడు కదా. దానికి జవాబు నోట్లోంచి రాదు.

సంవత్సరీకం వచ్చింది. ముందురోజు సాయంత్రం సుధామణి గడప ముందు చాప తీసేసి, మళ్లీ బియ్యప్పిండి పరిచింది. ఎవరూ చేయని పని. ఏడాదికి పిండి పరచడం మనలో లేదు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"అత్తా, ఈసారి నాను సెయ్యి పెట్టను. తిడతావో కొడతావో నీ ఇష్టం. ఆ రోజు నాను ముట్టుకోకపోతే నా గడపకి ఒచ్చేదానివా? అది ఒక్కటీ సెప్పు."

ఇంటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, ఒంటరిగా గుడి వసారాకి వెళ్లి పడుకుంది. వింతేమిటంటే, ఆ రాత్రి ఆమెకి హాయిగా నిద్ర పట్టింది.

పొద్దున్నే తలుపు తీసింది. నూనె వాసన ముందే ఎదురొచ్చింది. గడప ముందు అడుగు పడి ఉంది. కుడి పాదం. వంగి లెక్కపెట్టింది. బొటనవేలు, పక్కది, దాని పక్కది, నాలుగోది.

అయిదోది కూడా ఉంది. చిటికెనవేలి చోట పిండి నూనెతో తడిసి పసుపుపచ్చగా ముద్దకట్టి ఉంది.

చాలాసేపటికి గుప్పిట బిగించి ఆ పాదం మీద ఆనించింది. సరిగ్గా సరిపోయింది. వెంట్రుకవాసి తేడా లేదు. అది తన చేతి పాదమే. పోయిన ఏడాది తను వేసినది వేసినట్టుగా తిరిగి వచ్చింది. చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. అంచుకి వెచ్చటి నూనె అంటింది.

అప్పుడు అర్థమైంది. ముసలామె ఆ రోజే వచ్చింది. వచ్చి చూసింది, దొంగ పాదం పట్టుకుంది. నలుగురిలో కోడలి పరువు తీయడం ఇష్టంలేక తప్పు వేలు తీసేసి తన దగ్గర దాచుకుంది. ఏడాది దాచింది. ఇప్పుడు ఎవరూ లేనప్పుడు, నీ వేలు నువ్వు తీసుకో అని తెచ్చి ఇచ్చేసింది. నా గడపకి వచ్చేదానివా అని అడిగితే ఇదీ జవాబు, నిన్ను ఎరుగుదునే అన్నట్టు. భయం పోలేదు గానీ, దాని కిందనుంచి ఇంకేదో పొంగుకొచ్చి, సుధామణి గడప ముందు కూలబడి, చిన్నపిల్లలాగ అత్తా అత్తా అని ఏడ్చింది.

తలుపు చప్పుడైంది. కర్మకి సామాను సంచులు పట్టుకుని భాస్కర్ వచ్చాడు. వదిన నేల మీద ఉండడం చూసి, సంచులు దింపి దగ్గరికి వచ్చాడు. చీపురు అందేంత దూరంలోనే ఉంది. ఒక్క ఊడుపు ఊడిస్తే పోయేది. సుధామణి ఊడవలేదు.

"ఇదేటి వదినా? మళ్లీ పిండి ఏల పరిసినావు?" అన్నాడు. వంగి చూశాడు. "అమ్మది కాదు కదా ఇది. అయిదు ఉన్నాయి."

"నాది."

"ఏటి?"

ఆమె గుప్పిట బిగించి పాదం పక్కన మళ్లీ అద్దింది. అయిదు చుక్కలు పెట్టింది. రెండు అడుగులు పక్కపక్కనే, అచ్చు ఒక్కలాగే ఉన్నాయి. "ఆ రోజుదీ నాదే భాస్కరా. నానే ఏసినాను. మీ అమ్మ ఏసినది కాదు."

భాస్కర్ మొహంలో రంగు మారిపోయింది. ఎడమ గది తాళం వంక చూశాడు. ఆ ఏడాదిలో మొదటిసారి అటు చూశాడు. హ్లైంగ్‌తాయాలో నీళ్లలో నిలబడిన రోజులన్నీ ఆ చూపులో ఉన్నాయి. సుధామణి తలదించుకుని కూర్చుంది. కొడతాడేమో అనుకుంది. కొడితే పడదామనే అనుకుంది.

"మరి ఆ రోజు నాలుగే ఉన్నాయి కదా వదినా," అన్నాడు చివరికి. "నా కళ్లతో నాను సూసినాను."

"నాను అయిదు ఏసినాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నడవలో నూనె వాసన చిక్కగా కమ్ముకుంది, ఎవరో ఇప్పుడే గిన్నె దించినట్టు. భాస్కర్‌కి కూడా తగిలింది ఆ వాసన. తల్లి మంచం ఉండే చోటు వైపు తిరిగాడు.

తర్వాత కిందికి వంగాడు. బొటనవేలితో మొదటి పాదం చిటికెనవేలిని చెరిపేశాడు. పిండి మీద వంకరగా చార పడింది. ఆ రోజు చెరిపిన చేతికి చార పడలేదు. ఇతను మనిషి, చార పడింది.

"ఇప్పుడు అమ్మదే," అన్నాడు భాస్కర్. "అమ్మ దాసినదాన్ని నాను బయటెట్టలేను వదినా. కన్నారావు మావకి సెప్పొద్దు."

సుధామణి బొడ్లోంచి తాళంచెవుల గుత్తి తీసింది. ఎడమ గదిది విడదీసింది. పిండి అంటిన అతని అరచేతిలో పెట్టి, ఆ గుప్పిట తనే మూసింది. "పిల్లనీ భానుప్రియనీ ఇయ్యాళే తీసుకొచ్చీ. బబుల్ టీ అమ్ముకుంటాదో ఏటి అమ్ముకుంటాదో, పంచలో సగం ఒదిలేస్తాను."

భాస్కర్ తాళంచెవి వంక చూస్తూ నిలబడ్డాడు. తాళంలో చెవి పెట్టి తిప్పాడు. ఏడాదిగా మూసిన తలుపు కిర్రుమంది.

గది లోపల నేలంతా సన్నగా దుమ్ము పేరుకుని ఉంది. ఆ దుమ్ములో గడప నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి గడప దాకా చిన్న చిన్న పాదాలు, ఏడాది పొడుగునా ఎవరో అటూ ఇటూ తిరిగినట్టు. కుడి పాదాలన్నిటికీ నాలుగే వేళ్లు. సుధామణి మరిది వెనక నిలబడి చూసింది. ఇన్నాళ్లూ తను మాత్రం కుడి గడప ఒక్కదాన్నే కనిపెట్టుకుని కూర్చుంది. ముసలామె ఈ గదిలో కొడుకు కోసం తిరుగుతూనే ఉందని ఇప్పుడు తెలిసింది.

"అమ్మా," అన్నాడు భాస్కర్. లోపలికి అడుగు వేయలేక గడప మీదే కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం దీపాలవేళకి సుధామణి కొత్త గిన్నెలో కర్పూరం వేసి నూనె కాచింది. నడవలో మంచం ఉండే చోట కూర్చుని, గాలిలోకి చెయ్యి చాచి, ఆనాడు మిగిలిపోయిన వేలికి రాసింది.